వీధి గదికి స్పీకర్లు వచ్చాయి

మా ఆయన మస్కట్ ఉద్యోగం వదిలేసి, ఇక తిరిగి వెళ్ళనని చెప్పి వచ్చేసిన ఏడాదే మా వీధి గదికి రెండు స్పీకర్లు వచ్చాయి. ఆ సంగతి ఆయన్ని అడిగితే శబ్దం దగ్గర మొదలుపెడతారు. నేను గది దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఆ గది నాది.

మాది రాజోలుకి దగ్గర్లో కాలవగట్టు మీద ఊరు. అరుగు ఎక్కి లోపలికి రాగానే ఎడమ పక్కన వీధి గది, ఎదురుగా హాలు, వెనక వంటిల్లు, దాని పక్కన మా అత్తగారి గది. ఆయన మస్కట్లో ఉన్నన్నాళ్ళూ వీధి గదిలో నేను చెప్పిందే చట్టం. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ గదిలో బల్ల ముందు కూర్చుని పేపర్లు దిద్దుకుంటూ కిటికీలోంచి వీధిలో పోయేవాళ్ళని పలకరించడం నాకు అలవాటు. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు కూడా ఆ గదిలోకి చుట్టంలాగే వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, కాసేపు ఫ్యాను వైపు చూసి వెళ్ళిపోయేవారు.

ఆయనది ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు పని. పెద్ద పెద్ద ఇళ్ళకి వెళ్ళేవారు. ఒకసారి ఒక ఇంట్లో ఏసీ బాగుచేయించి, గది చల్లబడేదాకా ఆగారట. ఆ ఇంటాయన మద్రాసు వైపు మనిషి. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పెద్ద స్పీకర్లలో వీణ పెట్టాడట. ఆ రోజు ఫోను చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా మొదలుపెట్టారు.

"ఎదురుగా కూర్చుని వాయించినట్టుందే. వేలు తీగ మీద రాసుకోవడం కూడా వినపడింది నాకు!"

నేను అప్పుడు పొయ్యి మీద పులుసు చూసుకుంటున్నాను. "ఆయ్, బాగుందండి. భోజనం చేసేరా?" అన్నాను.

ఆ వేలు రాపిడి ఆయన్ని వదల్లేదు. తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి ఫోనులోనూ అమ్మ మోకాళ్ళు, కొబ్బరి దింపులు, గోదావరి నీటిమట్టం అయ్యాక చివర్లో స్పీకర్ల కబురు ఉండేది. ఏదో ఒక సరదా ఉండాలి కదా మనిషికి అనుకుని ఊఁ కొట్టేదాన్ని. నిజంగా కొంటారని అనుకోలేదు. ఇంటికి వచ్చేసిన మూడో నెలలో, బెంగళూరులో ఎవరో ఇల్లు మారుతూ అమ్మేస్తున్నారని, మాట్లాడేశానని చెప్పారు. నేను బడికి తయారవుతూ జడ వేసుకుంటున్నాను. జడ సగంలో ఆగిపోయింది.

బెంగళూరు నుంచి వాటిని తెచ్చిన వ్యాను కల్వర్టు మీద తిరగలేదు. కొబ్బరికాయలు మోసే ట్రక్ ఆటోలోకి సరుకు మార్చి, చెట్లెక్కి కాయలు దింపే మనుషులు నలుగురు కలిసి ఇంటి ముందుకు తెచ్చారు. రెండు పెట్టెలు. చెక్కవి, పొడుగ్గా, మనిషంత ఉన్నాయి.

మా వైపు గల్ఫు వెళ్ళిన వాళ్ళ ఇంటి ముందు అలాంటి పెట్టె దిగితే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఎదురింటి మామ్మగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నావిడ చేట అక్కడే పడేసి, గుండెలు బాదుకుంటూ రోడ్డు దాటి వచ్చేశారు.

"ఓరి నాయనో! ఎవరికేమైందమ్మా? ఇద్దరా తల్లీ?"

పెట్టె వెనక నుంచి మా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని "మెల్లిగా, మెల్లిగా, గడప తగలకూడదు" అంటూ బయటికి వచ్చారు. మామ్మగారు ఠక్కున ఆగిపోయారు. దగ్గరికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని చూశారు.

"బాగానే ఉన్నావా బాబూ?"

"ఆయ్, బాగానే ఉన్నానండి."

"మరి ఈ పెట్టెల్లో ఎవరు?"

"స్పీకర్లండి మామ్మగారూ. పాటలు వినడానికి."

"పాటలకి ఇంతేసి పెట్టెలేంట్రా, నీ అసాధ్యం కూలా! ప్రాణం పోయింది నాకు" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆయన వీపు మీద ఒక్కటి వేశారు. ఆటో అతను, దింపు వాళ్ళు, మా ఆయన, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళి మామ్మగారికి కాఫీ కలిపి, ఆయనకి కూడా అడక్కుండానే ఓ గ్లాసు పోసి, తాగేదాకా పక్కనే నిలబడ్డాను.

పెట్టెలు విప్పితే లోపల స్పీకర్లు నా భుజం దాకా ఉన్నాయి. నున్నటి చెక్క, ముందు నల్లటి గుండ్రాలు. మా అత్తగారు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చేశారు. కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎలా అని ఆవిడ, ఆ పాలిష్ మీద వేలు కూడా పెట్టకూడదని ఈయన. చివరికి వెనక వైపు, వైర్లు తగిలించే చోట చిన్న బొట్టు పెట్టించుకున్నారు. ఆవిడ మనసు కుదుటపడింది. ఈయన ఆ బొట్టు పొడి లోపలికి రాలుతుందేమోనని మర్నాటి దాకా వంగి చూస్తూనే ఉన్నారు.

ఏ గదిలో పెట్టాలో తేల్చడానికి ఆయన ఇల్లంతా తిరుగుతూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒక చప్పట, చెవి ఒగ్గి వినడం, ఇంకో మూలకి వెళ్ళి ఇంకో చప్పట.

"దోమలాండీ?" అన్నాను.

"శబ్దం గోడలకి తగిలి ఎలా తిరిగొస్తోందో చూస్తున్నాను."

హాల్లో కొట్టారు, బాగోలేదన్నారు. అత్తగారి గదిలో కొట్టారు. ఆవిడ మధ్యాహ్నం కునుకులోంచి లేచి, "భజనేంట్రా ఈ వేళప్పుడు?" అని, నిద్రమత్తులో తనూ రెండు చప్పట్లు కొట్టి మళ్ళీ అటు తిరిగి పడుకున్నారు. చివరికి వీధి గదిలోకి వచ్చారు. నేను బల్ల ముందే ఉన్నాను. ఒక్క చప్పట కొట్టి, కదలకుండా నిలబడిపోయారు. ఆ మొహం చూడగానే నాకు అర్థమైపోయింది.

"గది పొడుగ్గా ఉందే" అన్నారు మెల్లిగా.

"ఎప్పట్నుంచో పొడుగ్గానే ఉందండి."

"నీ బల్ల వెనక వరండాలో వేసుకుంటే గాలి బాగా వస్తుంది కదా."

"గాలికి పేపర్లు ఎగిరిపోతాయి."

"బరువు పెట్టుకో."

"ఏం బరువు? మీ స్పీకరా?"

రెండు రోజులు నేను ఆ బల్ల ముందు నుంచి అవసరానికి మించి లేవలేదు. ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి చూసి, వెళ్ళిపోయేవారు. మూడో రోజు నేనే విసుగెత్తి, కిటికీ మూయకూడదు, అడ్డం ఏదీ పెట్టకూడదు అనే షరతు మీద బల్ల ఖాళీ చేశాను. ఆయన ఆ బల్లని వరండాలోకి ఒక్కరే మోసుకెళ్ళారు. ఎవరినీ పిలవలేదు, నేను మనసు మార్చుకుంటానేమోనని.

మొదటి రోజు పాట వినడానికి మా ఆడపడుచు అమలాపురం నుంచి భర్తతో సహా వచ్చింది. వీధిలో వాళ్ళు గుమ్మం దాకా నిండారు. ఆయన తెల్లటి లాల్చీ వేసుకున్నారు. స్పీకర్లని గోడకి ఆనించి చెరో మూలా నిలబెట్టారు, అలమరాలు పెట్టినట్టు. వీణ కచేరీ పెట్టారు.

గుమ్ అంది. ఆ తర్వాత కూడా గుమ్మే. వీణ ఎక్కడో లోపల ఉండే ఉంటుంది. మృదంగం మాత్రం ఇల్లంతా దొర్లింది. వంటింట్లో స్టాండు మీద స్టీలు గ్లాసులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మా వాళ్ళకి మర్యాద ఎక్కువ.

"బాగుందండి. మాంఛి బలంగా ఉంది" అన్నారు మా ఆడపడుచు భర్త.

"ఆయ్, బలమేనండి" అన్నారు పక్కింటాయన.

మా అత్తగారికి కొడుకు దగ్గర మర్యాద అక్కర్లేదు. "వీణ అన్నావు కదరా! ఇది రోకలితో దంచుతున్నట్టుందేంటి?" అనేశారు.

అందరూ పకోడీలు తిని వెళ్ళిపోయాక ఆయన ఆ గదిలోనే కూర్చుండిపోయారు. అన్నానికి పిలిస్తే వచ్చారు కానీ కూర ఏమిటో కూడా చూడకుండా తిన్నారు. నాకు అదొక వింత. సెలవుల మీద వచ్చినప్పుడల్లా ఆయన నవ్వు మొహంతోనే ఉండేవారు. ఉండేదే నెల రోజులు, అందులో అలక్కి తీరిక ఎక్కడిది? పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆయన మొహం ముడుచుకుని కూర్చోవడం మొదటిసారి చూశాను. ఎలా బుజ్జగించాలో తెలియలేదు. ఇంకో గరిటె పెరుగు వేశాను.

మర్నాడు పొద్దున్న కాస్త తేరుకుని, "తప్పు స్పీకర్లది కాదు, గదిది" అన్నారు.

"నా గదిని ఏమీ అనకండి."

"అది కాదే. గోడకి ఆనించేశాం, అందుకు. శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి అసలు శబ్దం మీద పడుతోంది. ముందుకి జరపాలి. కొంచెం కొంచెం జరిపి వినాలి. ఒకళ్ళు కూర్చోవాలి, ఒకళ్ళు జరపాలి."

ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేది నేనే. శబ్దం గోడకి తగిలి వెనక్కి వస్తుందని బోర్డు మీద బాణం గుర్తులు వేసి మరీ చెబుతాను. ఆ బాణాలు వచ్చి నా ఇంట్లోనే కాపురం పెడతాయని అనుకోలేదు.

అలా ప్రతి సాయంత్రం బడి నుంచి రాగానే టీ గ్లాసుతో సహా నన్ను పడక కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆయన స్పీకరు వెనక నిలబడి దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకుని జరిపేవారు. బరువుకి చెమటలు కారిపోయేవి. స్పీకర్లు గోడ వదిలి మెల్లమెల్లగా గది మధ్యకి వచ్చేశాయి. గుమ్మంలోంచి కిటికీ దగ్గరికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది.

"ఇప్పుడు చెప్పు. ఆవిడ ఎక్కడ నిలబడింది?"

"ఎవరావిడ?" అన్నాను, గుమ్మం వైపు చూసి.

"పాడే ఆవిడ."

"నాకేం తెలుసండి? మీరు పిలిచేరు, మీకే తెలియాలి."

"కళ్ళు మూసుకుని విను. కుడి స్పీకర్లోంచి వస్తోందా, ఎడమ దాంట్లోంచా, రెంటికీ మధ్యనా?"

కళ్ళు మూసుకోమనడం ఆయన చేసిన పొరపాటు. పొద్దున్నుంచి నాలుగు తరగతులకి అరిచి వచ్చినదాన్ని, మెత్తటి గుడ్డ కుర్చీ, చల్లటి కాలవ గాలి. "ఇప్పుడు?" అని ఆయన అడిగినప్పుడల్లా "ఆఁ, బాగుంది" అన్నానట. ఎన్నిసార్లు జరిపినా బాగుందే అంటోందని అనుమానం వచ్చి వంగి చూస్తే నేను గురక పెడుతున్నాను.

"నువ్వు బాగుందన్నావని అరగంట నుంచి దీన్ని మోస్తున్నానే!" అన్నారు నడుం పట్టుకుని.

"నిజంగానే బాగుందండి. హాయిగా నిద్ర పట్టింది."

ఆయనకి కోపం రావాలి. నవ్వొచ్చింది. నేల మీద కూలబడి నవ్వారు. వంటింట్లోంచి అత్తగారు "ఏంటర్రా?" అని కేకేశారు.

ఆ తర్వాత ఒక రోజు, ఆదివారం కాబట్టి నిద్ర కళ్ళు లేవు, ఊరికే కూర్చుని వింటున్నాను. ఆయన ఎడమ స్పీకరుని కాస్త నా వైపు తిప్పారు. అంతే, స్పీకర్లలోంచి వచ్చే గొంతు వాటిని వదిలేసి, మధ్యలో, గోడ మీద క్యాలెండరు ఉన్న చోటికి వచ్చి నిలబడింది. నేను తుళ్ళిపడి కళ్ళు తెరిచాను. అక్కడ ఎవరూ లేరు. కానీ గొంతు అక్కడే ఉంది.

"అదిగో! క్యాలెండరు దగ్గరుందండి."

ఆయన పరుగెత్తుకొచ్చి నా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల నా తల పక్కన పెట్టారు. "నిజమే" అన్నారు గుసగుసగా, ఆవిడ వింటుందేమో అన్నట్టు.

"కానీ మరీ పొట్టి మనిషిలా ఉంది" అన్నాను. "కూర్చుని పాడుతోందేమో."

లేచి వెళ్ళి స్పీకర్ల ముందు కాళ్ళ కింద పలచటి చెక్క ముక్కలు పెట్టి కాస్త వెనక్కి వాల్చారు. "ఇప్పుడు?"

"లేచి నిలబడింది."

నాకు ఆ ఆట నచ్చడం మొదలైంది. మర్నాడు బడిలో ఆఖరి గంట కొట్టగానే స్టాఫ్ రూములో కబుర్లకి ఆగకుండా వచ్చేశాను. ఆ పాడే ఆవిడ మా ఇంట్లో నా కన్నా ముందు చేరి కూర్చుందని ఒక పక్క చిరాకు, ఎక్కడ నిలబడిందో చూద్దామని ఒక పక్క ఆత్రం.

స్పీకర్లు ఎక్కడెక్కడ పెట్టి చూశామో గుర్తు ఉండాలి కదా. సుద్దముక్కతో గీస్తే నున్నటి గచ్చు మీద గీత పడటం లేదు. అందుకని ఆయన ముగ్గు డబ్బా తెచ్చి, జరిపిన చోటల్లా స్పీకరు మూలల దగ్గర చుక్కలు పెట్టారు. వారం తిరిగేసరికి గది నిండా చుక్కలే. ఏ చుక్కలు ఎప్పటివో ఆయనకి తెలుసు. మంచి చోటు దొరికితే మళ్ళీ అక్కడికి రావచ్చని ధీమాగా, మధ్యాహ్నం వేళ స్పీకర్లని గోడ వారకి లాగేసి వైర్లు సవరించుకున్నారు. వైరు కొనడానికి రాజోలు వెళ్ళి వచ్చేసరికి మా అత్తగారు ఆ చుక్కలన్నీ కలిపేశారు.

చక్కటి ముగ్గు. మెలికలు తిరిగి, మధ్యలో పద్మం కూడా వచ్చింది. ఆవిడ చెయ్యి అటువంటిది.

"అమ్మా! ఏంటిది?"

"చుక్కలు పెట్టి అలా వదిలేస్తారేంట్రా ఇంట్లో? అశుభం. నా మోకాళ్ళు పట్టేసినా వంగి పూర్తి చేశాను. వంక చుక్కలు పెట్టేవు, లెక్క కుదరడానికి నేనే నాలుగు కలుపుకున్నాను."

ఆయన ఆ పద్మం మధ్యలో చేతులు వేలాడేసి నిలబడ్డారు. నేను వరండాలోకి వెళ్ళి నవ్వి, మొహం సరిచేసుకుని వచ్చాను. ఇక మళ్ళీ మొదటి నుంచి. కానీ ఈసారి తొందరగానే అయింది. క్యాలెండరు ఎక్కడుందో నాకు తెలుసు కదా. నేను కుర్చీలోంచి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, ఎక్కువైంది" అని, పెళ్ళిపందిట్లో దండలు కట్టేవాళ్ళకి చెప్పినట్టు చెప్పాను.

గొంతు కుదిరాక మరో పేచీ వచ్చింది. మృదంగం ఒక దెబ్బ పడినప్పుడల్లా గదిలో ఎక్కడో జివ్వుమని సన్నటి మోత. ఆయన ఆ ఒక్క శబ్దమే ఆగకుండా మోగేలా ఫోన్లోంచి పెట్టారు. పెద్ద తుమ్మెద ఒకటి గదిలో ఇరుక్కున్నట్టుంది. మేమిద్దరం నేల మీద పాకుతూ, గోడలకి చెవులు ఆనించుకుంటూ వెతికాం. కిటికీ ఊచలు పట్టుకుని చూశాం. ట్యూబులైటు నొక్కి చూశాం. ఆయన కళ్ళు నా చేతుల మీద పడ్డాయి.

"ఆ గాజులు ఒక్కసారి తీస్తావా?"

హాల్లోంచి అత్తగారి గొంతు లేచింది. "ఏంట్రా? మొగుడు నిక్షేపంలా ఉండగా గాజులు తియ్యమంటావా? మతి ఉందా? అమ్మాయ్, ముట్టుకున్నావంటే ఊరుకోను!"

గాజుల చేతులు రెండూ చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. మోత ఆగలేదు. నా గాజులు నిర్దోషులని తేలింది. ఆఖరికి ఆయన గోడ మీదున్న మామగారి ఫొటో మీద అరచెయ్యి పెట్టారు. ఠక్కున ఆగింది. చెయ్యి తీశారు. జివ్వుమంది. ఫ్రేములో అద్దం వదులైపోయింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ ఫొటో వంక చూశారు.

"ఆయనంతే. ఇంట్లో నలుగురూ సరదాగా ఉంటే చాలు, గొణుక్కుంటూ కూర్చునేవారు."

నేను ఫొటో దింపి, అద్దానికీ ఫ్రేముకీ మధ్య, వెనక నాలుగు మూలలా నా వెల్వెట్ బొట్టుబిళ్ళలు అంటించాను. మెరూన్ రంగువి పెట్టమని అత్తగారే ఏరి ఇచ్చారు. మామగారికి ఆ రంగు ఇష్టమట. మళ్ళీ గోడకి తగిలించాం. మామగారు ఆ తర్వాత ఏ మృదంగానికీ గొణగలేదు.

అయినా రోకలి దంపుడు పూర్తిగా పోలేదు. గొంతు బాగుంది, వీణ బాగుంది, కింద మాత్రం ఏదో ముద్దలా ఉబ్బినట్టు మోత. మూలల్లో శబ్దం పోగుపడుతోందని, దాన్ని పీల్చేసే పలకలు ఉంటాయని, అవి పై దేశాల నుంచి రావాలని ఆయన అన్నారు. ఫోన్లో ఆ పలకల బొమ్మలు చూపించారు. ఆస్పత్రి గోడల్లా ఉన్నాయి. అవి వస్తే నేను ఆ గదిలో అడుగు పెట్టనన్నాను. రెండు రోజులు ఆ విషయం మీద మాటలు ముక్తసరిగా నడిచాయి.

అప్పుడు వాన పడింది. ఎండ బాగా కాస్తోందని అత్తగారు ఇంట్లో ఉన్న బూరుగు దూది పరుపులన్నీ అరుగు ముందు మంచాల మీద ఆరబెట్టించారు. మధ్యాహ్నం పూట అంతర్వేది వైపు నుంచి ఒక్కసారిగా మబ్బు ముసిరి, చినుకులు టపటపా మొదలయ్యాయి. ఆ రోజు నాకు సెలవు. ముగ్గురం పరుగులే. దగ్గరగా ఉన్నది వీధి గది, అందులోకే పరుపులన్నీ విసిరేశాం. దారికి అడ్డమని ఆయన వాటిని చుట్టి, స్పీకర్ల వెనక రెండు మూలల్లో కప్పు దాకా నిలబెట్టారు. కరెంటు పోయింది. వాన తగ్గాక కరెంటు వచ్చింది. పొద్దున్న సగంలో ఆపిన పాట ఉండిపోయింది కదా అని ఆయన మీట నొక్కారు.

తడి జుట్టు తుడుచుకుంటున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆయన మీట దగ్గర వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. మృదంగం ఒక్కో దెబ్బా విడివిడిగా, చర్మం మీద అరచెయ్యి పడి లేచినట్టు వినపడింది. ముద్ద లేదు, దంపుడు లేదు. ఆ వెనక వీణ తీగ మీద సర్రున వేలు జారింది.

"విన్నావా?" అన్నారు ఆయన తల తిప్పకుండా.

"విన్నానండి" అన్నాను. "వేలు."

పాట అయ్యేదాకా ఇద్దరం తడిబట్టలతోనే నిలబడ్డాం. అత్తగారు గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుని, ఈసారి రోకలి అనలేదు. పాట అయ్యాక మాత్రం అసలు సంగతి అడిగారు. "బాగానే ఉంది. ఆ పరుపులు అక్కడే ఉంచుతావేమో, మరి నేనెక్కడ పడుకోవాలి?"

మర్నాడు పరుపులు కుట్టే ఆయన్ని పిలిపించారు. రాయవరం నుంచి వచ్చి మా వీధిలో కాపురం ఉంటున్న పెద్దమనిషి. మా ఆయన మూల కొలతలు చెబుతున్నారు. సన్నగా ఉండాలి, కప్పు దాకా పొడుగుండాలి, గట్టిగా కూరాలి. పరుపులాయన టేపు మెడలో వేసుకుని శ్రద్ధగా విని, కొంచెం మొహమాటంగా అడిగారు.

"నిలబడి పడుకుంటారాండి?"

"మనుషులకి కాదండి, పాటకి."

"ఆయ్, అలాగేనండి" అన్నారాయన. పాట పడుకోవడమేమిటని అడగలేదు. తలగడ కూడా కావాలా అని మాత్రం అడిగారు.

పలకల బదులు అలా పరుపులు వచ్చాయి. పైన గలీబులకి నేనే రంగు ఎంచాను, గోడకి కలిసిపోయేలా లేత పసుపు. ఇప్పుడు చూసినవాళ్ళు మూలల్లో స్తంభాలు కట్టించారా అని అడుగుతారు. ఎదురింటి మామ్మగారు సాయంత్రాలు వచ్చి గడప పక్కన కూర్చుంటారు. పాట ఎవరు పాడుతున్నారని కాకుండా, ఈ రోజు ఎక్కడ నిలబడిందమ్మా అని అడుగుతారు. మా వీధిలో ఆ మాట అలా వాడుకలోకి వచ్చేసింది.

మొన్న ఒక మధ్యాహ్నం ఆయన కొబ్బరి దింపు పని మీద కొత్తపేట వెళ్ళారు. బడి ఒంటిపూట కావడంతో నేను తొందరగా వచ్చాను. ఇంట్లో నేనూ అత్తగారే. ఎవరూ చెప్పకుండానే వీధి గదిలోకి వెళ్ళి పాట పెట్టుకుని కూర్చున్నాను. నాకై నేను పెట్టుకోవడం అదే మొదలు. వింటుంటే పాడే ఆవిడ కాస్త ఎడమకి తప్పుకుని నిలబడ్డట్టు అనిపించింది. లేచి, ఎడమ స్పీకరుని ఆయన పట్టుకున్నట్టే కౌగిలించుకుని, బొటనవేలంత లోపలికి నెట్టాను. కూర్చుని విన్నాను. సరిపోయింది. టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాను.

ఆయన వచ్చి, స్నానం చేసి, సాయంత్రం అదే పాట పెట్టుకున్నారు. కాసేపు విని, "ఈ రోజేంటో చాలా బాగుందే! గాలిలో తేమ తగ్గినట్టుంది" అన్నారు.

"ఆయ్, తగ్గిందేమోనండి" అన్నాను.

"తేమా కాదు, ఏమీ కాదు. అమ్మాయి జరిపిందిరా" అన్నారు అత్తగారు వత్తులు చేసుకుంటూ.

ఆయన నా వైపు చూశారు. నేల మీద చూశారు. తన స్పీకరు తను లేనప్పుడు కదిలిందంటే మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేయాలి.

"ఎటు జరిపేవు?"

"ఎడమది. లోపలికి, బొటనవేలంత."

ఆయన ఆ చరణం అయ్యేదాకా కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత, "కుడిది ముట్టుకోలేదా?" అన్నారు.

"లేదండి."

"మరి దాన్ని కూడా ఒకసారి చూడరాదూ?"

ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, చేతులు కట్టుకున్నారు. నేను కొంగు నడుముకి దోపుకుని కుడి స్పీకరు వెనక్కి వెళ్ళాను.

"ఇప్పుడు?" అన్నాను.

"కొంచెం ఇటు."

"ఇప్పుడు?"

జవాబు రాలేదు. స్పీకరు పక్క నుంచి తల బయటికి పెట్టి చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నారు, నిద్ర మాత్రం పోలేదు. చెయ్యి ఎత్తి, ఇంకొంచెం, అని వేళ్ళతో సైగ చేశారు.